లెక్క అడుగుట అవమానం కాదు

మానవుడు సంఘజీవి. సంఘమన్న తరువాత ఒకరి సొమ్ము మరొకరి చేతిలో ఉండక తప్పదు. తల్లిదండ్రులు చెల్లించిన ఫీజు కళాశాల చేతిలో ఉంటుంది. ప్రజలు కట్టిన పన్ను ప్రభుత్వం చేతిలో ఉంటుంది. వాటాదారుల పెట్టుబడి డైరెక్టర్ల చేతిలో, దాతల చందా కార్యదర్శి చేతిలో ఉంటాయి. సొమ్ము గలవారు దూరంగా ఉంటారు. ఖర్చు చేసేవారు దగ్గరగా ఉంటారు. ఈ ఇరువురినీ కలుపుతున్నది నమ్మకం. ఆ నమ్మకానికి తగిన ఆధారం ఉన్నదా లేదా అని ఏటేటా పరీక్షించి చెప్పే పనికే లెక్కల తనిఖీ అని పేరు. వ్యవహారంలో దీనినే ఆడిట్ అంటున్నాము.

మన సమాజంలో ఈ పరీక్షను గౌరవించేవారికంటే దానికి జంకేవారే అధికం. "ఆడిట్ వచ్చింది" అనగానే కార్యాలయాలలో కలవరం మొదలవుతుంది. లెక్క అడిగినవానిని అనుమానపు మనిషిగాను, లెక్క చెప్పవలసినవానిని ముద్దాయిగాను చూచే అలవాటు మనలో పాతుకొనిపోయినది. ఈ అలవాటు వల్ల దొంగలకు కలిగే నష్టం స్వల్పం. నిజాయితీపరులకు కలిగే నష్టమే అపారం. ఇది నా నిశ్చితాభిప్రాయం. నేనీ అభిప్రాయానికి రావడానికి కారణమైన ఒక అనుభవాన్ని ముందుగా మనవి చేస్తాను.

అది దాదాపు ముప్పై సంవత్సరాల క్రిందటి మాట. నేను బి.కాం. చదువుతూ పేద విద్యార్థుల వసతిగృహంలో ఉండేవాడిని. ఉర్దూ మాట్లాడేవారమూ, తెలుగు మాట్లాడేవారమూ కలసి నలభై మందిమి. ఆ వసతిగృహం నిధికి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పదిహేడేండ్లుగా కోశాధికారి. మేమందరం ఆయనను "చాచా" అని పిలిచేవాళ్ళం. నిధి అంతా ఒక రేకుపెట్టెలో, లెక్క అంతా ఒక నోటు పుస్తకంలో ఉండేది. ఆ పదిహేడేండ్లలో ఆయనను లెక్క అడిగినవారు లేరు. అడగవలసిన పని ఉన్నదని తోచినవారూ లేరు.

ఒక సంవత్సరం వార్షిక సమావేశంలో, అప్పుడప్పుడే ఆడిటింగు పాఠాలు విన్న ఉత్సాహంతో నేను లేచి, "చాచా, పోయిన సంవత్సరం బియ్యం కొన్న రసీదులు ఉన్నాయా?" అని అడిగాను. సభ నిశ్శబ్దమైపోయింది. ఆయన ముఖం వెలవెలబోయింది. "నన్ను దొంగ అంటున్నావా, బేటా?" అన్నారు. నేను కాదన్నాను. కాని ఆ మాట ఎవరికీ వినిపించలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు ఉన్నదని మరునాడు ఒకరిద్దరు నవ్వుకున్నారు. ఆ నవ్వు వీధి వరకు పాకినది. నెల తిరగకుండానే చాచా తాళంచెవులు అప్పగించి ఇంటికి వెళ్ళిపోయారు. మరల వసతిగృహం గడప తొక్కలేదు. రెండేండ్లకు కాలధర్మం చెందారు.

ఆ తరువాత ఆయన కుమారుడు ఆ పాత నోటు పుస్తకాలను తెచ్చి మాకు అప్పగించాడు. వాణిజ్యశాస్త్ర విద్యార్థినన్న కారణంగా కూడికలు చూచే బాధ్యత నాపై పడినది. పదకొండు సాయంకాలాలు కూర్చొని చూచాను. చందాలు తక్కువగా వచ్చిన నెలలలో పెన్సిలుతో "నా వద్ద నుండి" అని వ్రాసి, ఆయన తన పింఛను సొమ్ము కలిపారు. మొత్తం మీద వసతిగృహమే ఆయనకు 1,846 రూపాయలు బాకీ ఉన్నట్లు తేలింది. అయితే మరొక సంగతి కూడా చెప్పవలెను. 212 రూపాయల ఖర్చుకు రసీదు గాని, సాక్ష్యం గాని లభించలేదు. కనుక ఆయన లెక్కలు సర్వవిధాల సరియైనవని నేను ఈనాటికీ ధ్రువీకరించలేను. ధ్రువీకరించవలెనని మనస్సు కోరుతున్నది, వృత్తిధర్మం ఒప్పుకొనదు.

ఆనాడు తప్పు ఎవరిది? నేను అడిగిన ప్రశ్న తప్పు కాదు. ఆయన నడవడి తప్పు కాదు. పదిహేడేండ్లపాటు ఎవరూ అడగకపోవడమే తప్పు. ఏటేటా, అందరినీ, ఆచారంగా అడిగే ప్రశ్న ఎవరినీ నొప్పించదు. ఏనాడూ అడగక, ఒకనాడు ఒకరిని మాత్రమే అడిగితే అది నేరారోపణ అవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్న దంతా ఈ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమే.

ఆడిట్ అనగా వినుట

ఆడిట్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని "ఆడిరే". దానికి అర్థం వినుట. మధ్యయుగాలలో ఇంగ్లండులోని ప్రభువుల ఎస్టేట్లలో కార్యనిర్వాహకుడు తన లెక్కలను బిగ్గరగా చదివి వినిపించేవాడు. నియమితులైన పెద్దలు విని ఆమోదించేవారు. చదువు కొద్దిమందికే ఉన్న కాలంలో అదే సరియైన పద్ధతి. మన దేశంలోనూ ఈ భావన ప్రాచీనమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రభుత్వ ధనాన్ని అపహరించే నలభై విధాలను లెక్కించి చెప్పినది. ఆ విధాలు తెలిసినవాడే వాటిని పట్టుకోగలడు గదా! తెలుగు పల్లెలలో ఆంధ్ర ప్రాంతాన కరణం, తెలంగాణాలో పట్వారీ వ్రాసిన గ్రామ లెక్కలను ఏటేటా జమాబందీలో పై అధికారులు పరిశీలించేవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవులు 1984లో రద్దయినవి గాని జమాబందీ అన్న మాట పెద్దల నోట ఇంకా వినవస్తూనే ఉన్నది.

మన కళాశాల ఉభయ భాషల నిలయం కనుక ఒక విశేషాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. తెలుగువాడు లెక్క వ్రాయడానికి కూర్చున్నప్పుడు అతని కలం నుండి వచ్చే మాటలు ఏవి? జమ, ఖర్చు, ఖాతా, బాకీ, వసూలు, రసీదు, ఆవర్జా. ఇవన్నీ అరబ్బీ, ఫారసీ, ఉర్దూల మీదుగా మన భాషలోనికి వచ్చి స్థిరపడినవే. కచేరీలలో, బజారులలో శతాబ్దాలపాటు కలసి లెక్కలు వ్రాసుకొన్న రెండు భాషలవారి ఉమ్మడి ఆస్తి ఈ పదజాలం. "హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ" అన్న ఉర్దూ సామెత ఉన్నది. లెక్క దగ్గర యవల గింజకు కూడా జవాబు చెప్పవలెను. దానం దగ్గర వందలకు వందలు ఇవ్వవచ్చును అని భావం. ఔదార్యం వేరు, లెక్క వేరు అన్న వివేకాన్ని ఇంతకంటె సూక్ష్మంగా చెప్పడం కష్టం.

ఇక ఆధునిక చరిత్రకు వస్తే, 1494లో వెనిస్ నగరంలో ముద్రితమైన తన గ్రంథంలో లూకా పాచియోలి జంటపద్దు విధానాన్ని వివరించాడు. 1844 నాటి బ్రిటిషు చట్టం ఉమ్మడి పెట్టుబడి సంఘాలకు ఆడిటర్లను నియమించుకొనవలెనని విధించినది. 1854లో ఎడింబరోలోని గణకుల సంఘానికి రాజశాసనం లభించినది. మన దేశంలో స్వాతంత్ర్యానంతరం చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం వచ్చి, 1949 జూలై 1వ తేదీన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఆవిర్భవించినది. నేడు అందులో నాలుగు లక్షలకు పైబడి సభ్యులున్నారు.

తనిఖీదారు ఏమి చూస్తాడు?

ఆడిటరు కూడికలు సరిచూచే మనిషి మాత్రమే అని చాలామంది భ్రమపడుతున్నారు. కూడికలు ఇప్పుడు యంత్రాలే చేస్తున్నవి. అంకణా రెండు వైపులా సమానమైనంత మాత్రాన లెక్కలు నిజమైపోవు. ఒక వ్యవహారాన్ని పుస్తకంలో అసలే వ్రాయకపోయినా అంకణా సరిపోతుంది. భవనంపై పెట్టిన ఖర్చును మరమ్మతుల ఖాతాలో వ్రాసినా సరిపోతుంది. ఒకచోట వంద ఎక్కువ, వేరొకచోట వంద తక్కువ పడితే ఏటి ఈతకు లంక మేతకు సరి అన్నట్లు రెండు తప్పులు కలసి ఒప్పుగా కనిపిస్తాయి. కనుక ఆడిటరు అంకెను చూచి తృప్తిపడడు. అంకె వెనుక ఉన్న సంఘటనను వెదకుతాడు.

వసతిగృహానికి ఒక డబ్బా నూనె కొన్నారనుకుందాం. ఆడిటరు ముందుగా వోచరు అడుగుతాడు. ఆ బిల్లు వసతిగృహం పేరున ఉన్నదా, కార్యదర్శి సొంత పేరున ఉన్నదా? దాని తేదీ ఈ సంవత్సరానిదేనా? కొనుగోలుకు అధికారం గలవారు సంతకం చేశారా? ఆ నూనె సరుకుల రిజిస్టరులో చేరినదా? చేరితే ఎన్నాళ్ళలో వాడబడినది? ఇన్ని ప్రశ్నలకు సమాధానం వచ్చిన తరువాతనే ఆ పద్దుకు ఎదురుగా పచ్చసిరా గుర్తు పడుతుంది. దీనినే వోచింగు అంటారు. ఆస్తుల విషయంలో కంటితో చూచి, లెక్కించి, హక్కు ఎవరిదో తెలుసుకొని, విలువ సరిగా కట్టినదీ లేనిదీ నిర్ణయించాలి. ఇది వెరిఫికేషన్.

మోసం ఎట్లా జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఫీజులు వసూలు చేసే గుమాస్తా మొదటి విద్యార్థి ఇచ్చిన నగదును సొంతానికి వాడుకున్నాడు. మూడు రోజుల తరువాత రెండవ విద్యార్థి కట్టిన డబ్బును మొదటివాని పేర జమ చేశాడు. మూడవవాని డబ్బును రెండవవాని పేర జమ చేశాడు. ఇట్లా గొలుసు సాగుతూ ఉంటుంది. ఏ విద్యార్థీ ఫిర్యాదు చేయడు; ఎందుకంటే కొంచెం ఆలస్యంగానైనా అందరి పేర జమ పడుతున్నది. ఈ మోసం రసీదు తేదీని బ్యాంకులో జమ అయిన తేదీతో పోల్చినప్పుడు బయటపడుతుంది. లేదా ఆ గుమాస్తా నాలుగు రోజులు సెలవు పెట్టినప్పుడు బయటపడుతుంది. ఎన్నడూ సెలవు పెట్టని ఉద్యోగిని మనం మెచ్చుకొంటాము. ఆడిటరు మాత్రం ఒకసారి కళ్ళజోడు సవరించుకొంటాడు.

అందుకే అనుభవజ్ఞులు ఒక సూత్రం చెబుతారు. కొనేవాడు డబ్బు చెల్లించరాదు. డబ్బు చెల్లించేవాడు లెక్క వ్రాయరాదు. లెక్క వ్రాసేవాడే దానిని తనిఖీ చేయరాదు. ఒకరి పని మరొకరి చేతి మీదుగా వెళ్ళినప్పుడు పొరపాటు తనంత తానే బయటపడుతుంది. చాచా విషయంలో కొనుగోలు, చెల్లింపు, లెక్క మూడూ ఒకే వ్యక్తి చేసేవాడు. ఆయన నిజాయితీయే అక్కడ ఉన్న ఏకైక రక్షణ. ఆ రక్షణకు సాక్ష్యం లేకపోయింది.

పని ముగిసిన తరువాత ఆడిటరు తన అభిప్రాయాన్ని నివేదిక రూపంలో ఇస్తాడు. ఈ లెక్కలు సంస్థ స్థితిగతులను యథార్థంగా, సముచితంగా చూపుతున్నవి అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఫలానా విషయం తప్ప అని మినహాయింపుతో చెప్పవచ్చు. చూపడం లేదని ప్రతికూలంగా చెప్పవచ్చు. అభిప్రాయం చెప్పడానికి తగిన సాక్ష్యమే దొరకలేదని చెప్పనూవచ్చు. "అంతా బాగున్నది" అనేది ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమే అని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

కంచె చేను మేసిన వేళ

ఆడిటరు సర్వజ్ఞుడు కాడు. ప్రతి పద్దునూ చూడలేడు. కొన్నిటిని ఎంచుకొని పరీక్షిస్తాడు. అతని బాధ్యతకు హద్దులెక్కడ అన్న ప్రశ్న పాతది. 1896లో కింగ్‌స్టన్ కాటన్ మిల్లు వ్యాజ్యంలో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం, ఆడిటరు కావలికుక్క వంటివాడే గాని వేటకుక్క వంటివాడు కాడని అభిప్రాయపడినది. ఆ మిల్లు మేనేజరు సరుకు విలువను ఏండ్ల తరబడి పెంచి చూపగా, అతని ధ్రువపత్రాన్ని నమ్మిన ఆడిటర్లను న్యాయస్థానం బాధ్యులను చేయలేదు. దీనికి ఒక సంవత్సరం ముందే, 1895లో, లండన్ అండ్ జనరల్ బ్యాంకు వ్యాజ్యంలో తీర్పు వేరుగా వచ్చినది. అక్కడ ఆడిటరుకు అసలు సంగతి తెలుసు. డైరెక్టర్లకు స్పష్టంగా చెప్పాడు. వాటాదారులకు మాత్రం అస్పష్టంగా సూచించి ఊరుకున్నాడు. న్యాయస్థానం అతనిని బాధ్యునిగా నిర్ణయించినది. తెలియక పోవడం ఒక ఎత్తు. తెలిసి మాట మింగడం మరొక ఎత్తు. కావలికుక్క వేటాడనవసరం లేదు, కాని మొరగవలెను గదా!

ఈ పాఠం ఎంత ఖరీదైనదో తెలుగువారికి వేరొకరు చెప్పనవసరం లేదు. 1987లో హైదరాబాదులో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ సంస్థ దేశదేశాలలో పేరు గడించినది. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ వ్రాసి, లెక్కలు నిజం కావని ఒప్పుకొన్నాడు. పుస్తకాలలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలుగా కనిపిస్తుండగా, అందులో 5,040 కోట్లు లేనే లేవని ఆ లేఖ తెలిపినది. ఆ ఒక్కరోజులోనే వాటా ధర మూడింట రెండు వంతులకు మించి పడిపోయినది. దాదాపు 50 వేలమంది ఉద్యోగుల కుటుంబాలు ఆ రాత్రి ఎట్లా నిద్రించి ఉంటవో ఊహించండి. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించినది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ దానిని చేపట్టినది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించినది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. ఆ తీర్పుపై అప్పీళ్ళు దాఖలైనవి.

విద్యార్థులు గమనించవలసినది శిక్షలను కాదు, పద్ధతిలోని లోపాన్ని. బ్యాంకులో ఎంత డబ్బున్నదో తెలుసుకొనే మార్గం చాలా సులభమైనది. ఆడిటరు తానే బ్యాంకుకు ఉత్తరం వ్రాయవలెను. జవాబు నేరుగా తనకే రావలెను. మధ్యలో సంస్థవారి చేయి తగలరాదు. ఇది మన బి.కాం. విద్యార్థికి తెలిసిన పాఠమే. ఈ ధ్రువపత్రాలను పంపడం, అందుకోవడం పూర్తిగా సంస్థ యాజమాన్యానికే వదలివేయబడినదని అమెరికా నియంత్రణాధికారులు తమ ఉత్తర్వులలో పేర్కొన్నారు. 2011 ఏప్రిల్‌లో ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ అనుబంధ సంస్థలపై మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా పడినది. ఆ సంస్థలు నేరాన్ని అంగీకరించక, కాదనక పరిష్కారానికి వచ్చినవి. వేలకోట్ల రూపాయల వ్యవహారం ఒక ఉత్తరం ఎవరి చేతి మీదుగా వెళ్ళినదన్న చిన్న విషయంపై ఆధారపడినది. పెద్ద మోసాలకు ద్వారాలు తరచు ఇంత చిన్నవిగానే ఉంటవి.

ఈ అనుభవం తరువాత చట్టం కూడా మారినది. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలు మొదలైన వాటిలో ఆడిటు చేసే వ్యక్తి ఐదేండ్లకు, సంస్థ పదేండ్లకు మించి వరుసగా కొనసాగరాదు. ఒక కంపెనీకి ఆడిటరుగా ఉంటూ అదే కంపెనీ లెక్కలు వ్రాసిపెట్టడం వంటి సేవలు చేయరాదు. మోసం కనిపిస్తే నివేదించవలసిన బాధ్యత స్పష్టమైనది. 2018లో జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ ఏర్పడినది. ఇవన్నీ స్వాగతించదగినవే. అయినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. ఆడిటరుకు ఫీజు చెల్లించేది అతడు పరీక్షించే కంపెనీయే. అన్నం పెట్టిన చేతిని పరీక్షించే ధైర్యం ఏ చట్టమూ ఇవ్వలేదు. అది మనిషి లోపల ఉండవలసినది.

ప్రజాధనానికి కావలి

కంపెనీల మాట అట్లా ఉంచి, ప్రభుత్వ ధనానికి కావలి ఎవరు? మన రాజ్యాంగం 148వ అధికరణం క్రింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవిని ఏర్పరచినది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప ఆయనను తొలగించరాదు. రాజ్యాంగం క్రింద ఉన్న అధికారులందరిలో ఈయనే బహుశా అత్యంత ముఖ్యుడని డాక్టర్ అంబేద్కర్ 1949లో రాజ్యాంగసభలో అభిప్రాయపడినారు. ఆయన నివేదికలు పార్లమెంటు ముందు, శాసనసభల ముందు ఉంచబడతవి. ప్రజా పద్దుల సంఘం వాటిని విచారిస్తుంది.

కాని నివేదిక గ్రంథాలయంలో నిద్రిస్తే ప్రయోజనం ఏమి? ఈ ప్రశ్నకు ఒక సమాధానం పల్లెల నుండి వచ్చినది. 1994లో రాజస్థాన్‌లోని ఒక కూలీల, రైతుల సంఘం గ్రామాలలో బహిరంగ విచారణలు ప్రారంభించినది. మస్టరు రోలులో ఎవరి పేరున ఎంత కూలి వ్రాసినారో జనం నడుమ చదివి వినిపించినారు. ఉపాధి హామీకై వచ్చిన 2005 నాటి చట్టం గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారం ఇచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఈ తనిఖీలు విస్తృతంగా జరిగినవి. 2009లో దీనికై ఒక ప్రత్యేక సంఘమే ఏర్పడినది. గ్రామ యువకులు ఇంటింటికి వెళ్ళి లెక్కలను సరిచూచినారు. సభలో అందరి ఎదుట చదివినారు. తన పేరున వ్రాసిన కూలి తనకు అందలేదని నిరక్షరాస్యురాలైన కూలి స్త్రీ లేచి చెప్పగలిగినది. ఆడిట్ అంటే వినుట అన్న ఆదిమ అర్థం అక్కడ మళ్ళీ సజీవమైనది.

మన విద్యార్థులు, ఈ వృత్తి

ఈ వృత్తి పెద్ద నగరాలవారికే, ఆంగ్లమాధ్యమంవారికే చెందినదని మన విద్యార్థులలో ఒక నిరాశ ఉన్నది. అది సరికాదు. ఇంటర్మీడియట్ తరువాత ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అనే మూడు మెట్లెక్కి చార్టర్డ్ అకౌంటెంట్ కావచ్చును. వాణిజ్య పట్టభద్రులు 55 శాతం మార్కులతో మొదటి మెట్టు దాటనవసరం లేకుండానే రెండవ మెట్టుకు చేరవచ్చును. 2023లో అమలులోకి వచ్చిన పద్ధతిలో ఒక ఆడిటరు వద్ద చేయవలసిన శిక్షణ మూడేండ్ల నుండి రెండేండ్లకు తగ్గినది. కాస్ట్ అకౌంటెన్సీ మార్గం వేరే ఉన్నది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల తనిఖీ శాఖలలో పోటీ పరీక్షల ద్వారా ప్రవేశం ఉన్నది.

ఆ పరీక్షలను ఆంగ్లంలో గాని హిందీలో గాని వ్రాయవలెను. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి వచ్చినవారికి ఇది భారమే. ఈ భారాన్ని దాచిపెట్టి మాట్లాడడం న్యాయం కాదు. అయితే భావం మాతృభాషలో గట్టిగా నాటుకొన్నవానికి పరభాషా పదాలు నేర్చుకోవడం కొన్ని నెలల పని. భావమే లేనివానికి పరభాష వచ్చినా ప్రయోజనం లేదు. మన వాణిజ్యశాస్త్ర విభాగం ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పదాలను పక్కపక్కన చూపే ఒక చిన్న పదకోశాన్ని తయారు చేయించవలెనని నా సూచన. జమకు, ఖర్చుకు మూడు భాషలలో పేరు తెలిసిన విద్యార్థికి భయం సగం తీరుతుంది.

విద్యార్థినులకు ఒక మాట. 1933లోనే మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం ఆనాటి అకౌంటెన్సీ పరీక్షలో ఉత్తీర్ణురాలై, భారతదేశంలో తొలి మహిళా అకౌంటెంటుగా పేరు పొందినారు. ఆమె ఆ తలుపు తెరచి తొంబై ఏండ్లు దాటినవి. లోనికి నడవవలసినది మీరే.

కమిటీ పెద్దలకు మనవి

ఇక ఈ వ్యాసానికి అసలు ఉద్దేశం చెబుతాను. సంస్థల ప్రధాన లెక్కలకు చట్టబద్ధమైన ఆడిట్ సాధారణంగా జరుగుతూనే ఉంటుంది. కాని చాలాచోట్ల విద్యార్థి సంఘం నిధి, భోజనశాల లెక్క, విహారయాత్ర చందా, వరదబాధితుల సహాయం, వార్షిక సంచిక ఖర్చు వంటి చిన్న చిన్న నిధులు ఎవరి కంటా పడకుండా పోతవి. యువకులు ప్రజాధనాన్ని మొదటిసారి చేతితో తాకేది ఈ చిన్న నిధులలోనే. ఇక్కడ నేర్చిన అలవాటే రేపు పంచాయతీలోను, శాసనసభలోను, కంపెనీ బోర్డులోను వారి వెంట వస్తుంది.

కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి చిన్న నిధికీ వరుససంఖ్యలు గల రసీదు పుస్తకం ఉండవలెను. చెల్లింపుపై ఇద్దరి సంతకాలు ఉండవలెను. సంవత్సరాంతంలో వాణిజ్యశాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థులలో చీటీలు వేసి నలుగురిని ఎన్నుకొని, ఆ నిధితో సంబంధం లేని అధ్యాపకుని పర్యవేక్షణలో తనిఖీ చేయించవలెను. వారి నివేదికను కళాశాల దినోత్సవం నాడు ఉర్దూలోను, తెలుగులోను అందరి ఎదుట చదివి వినిపించవలెను. దాని సారాంశం ఈ సంచికలోనే ఒక పుటలో అచ్చు కావలెను. ఇది చట్టబద్ధమైన ఆడిటుకు బదులు కాదు; దానికి తోడు మాత్రమే.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. "వందల రూపాయలకు ఇంత హంగామా ఎందుకు?" అని కొందరంటారు. ఈత నేర్పడానికి సముద్రం అవసరం లేదు, చెరువు చాలును. "ఉచితంగా సేవ చేసేవారిని లెక్క అడిగితే రేపు ఎవరు ముందుకు వస్తారు?" అని మరికొందరంటారు. ఈ ఆక్షేపణకు బలం ఉన్నది. చాచా వంటివారు మన సంస్థలకు ప్రాణం. వారు నొచ్చుకొంటే నష్టం మనదే. కాని ఆయన ఎందుకు నొచ్చుకొన్నారో మరల జ్ఞాపకం చేసుకొందాం. పదిహేడేండ్లలో ఒక్కనాడే, ఆయన ఒక్కరినే అడిగినాము. మొదటి సంవత్సరమే అడిగి ఉంటే ఆయన నవ్వుతూ పుస్తకం తెరచేవారు. తన పింఛను సొమ్ము కలిపిన సంగతి అందరికీ తెలిసి ఉండేది. ఆయన బాకీ ఆయన బ్రతికి ఉండగానే తీరి ఉండేది. లెక్క అడగకపోవడం వల్ల మనం ఆయనను గౌరవించినామనుకొన్నాము. నిజానికి ఆయనకు రక్షణ లేకుండా చేసినాము.

ఆ 1,846 రూపాయలను తరువాత మేము చందాలు వేసుకొని ఆయన కుమారునికి అందించాము. అతడు రసీదు వ్రాసి ఇచ్చాడు. ఆ రసీదు ఇప్పటికీ నా వద్ద ఉన్నది. ప్రతి సంవత్సరం ఆడిటింగు మొదటి పాఠం నాడు దానిని తరగతిలో చూపుతాను. సంఖ్య, తేదీ, మొత్తం, సంతకం అన్నీ సరిగా ఉన్న రసీదు అది. ఉండవలసిన కాలానికి లేకపోవడమే అందులోని లోపం.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు ఏ పదవిలో ఉన్నా, మిమ్మల్ని ఎవరైనా అడిగేవరకు ఆగకండి. సంవత్సరం తిరిగేసరికి పుస్తకం తెరచి, "ఇదిగో లెక్క, చూడండి" అని మీరే ముందుగా చెప్పండి. ఆ అలవాటు మన కళాశాల నుండే, ఈ సంవత్సరం నుండే ఆరంభం కావలెనని పెద్దలను సవినయంగా కోరుతున్నాను.